నిందపడిన రాయబారి, నిలిచిన సాక్ష్యం: అబ్దుర్ రజాక్ జీవితం

హంపీ మనకు పరాయి ఊరు కాదు. బళ్ళారి, కంప్లి, సిరుగుప్ప, హొసపేట ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు విరూపాక్షస్వామి రథోత్సవం ఇంటి పండుగ వంటిది. తుంగభద్రలో స్నానం చేసి, స్వామిని దర్శించి, ఆ రాళ్ళ మధ్య చెట్టునీడన చద్దిమూట విప్పుకొని తిన్న జ్ఞాపకం మనలో చాలామందికి ఉంది. అప్పుడు పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఒకటే. ఈ ఊరు బతికి ఉన్నప్పుడు ఎలా ఉండేది?

ఆ ప్రశ్నకు శాసనాలు కొంత సమాధానం చెబుతాయి. అయితే అవి దానధర్మాల గురించి చెబుతాయి. కావ్యాలు రాజుల కీర్తిని వర్ణిస్తాయి. అంగడి వీధిలో ఏమి అమ్మేవారు, కచేరీలో లేఖకుడు దేనిమీద వ్రాసేవాడు, సైనికునికి జీతం ఎన్నాళ్ళకు ముట్టేది అనే విషయాలు తెలియాలంటే బయటినుంచి వచ్చి చూసి వ్రాసిపెట్టిన వారిని ఆశ్రయించవలసిందే. అటువంటి వారిలో అగ్రగణ్యుడు అబ్దుర్ రజాక్. పాఠశాల చరిత్ర పుస్తకాలలో అతని గురించి ఒక్క వాక్యం ఉంటుంది: పారశీక రాయబారి, రెండవ దేవరాయల కాలంలో విజయనగరాన్ని సందర్శించాడు అని. ఆ ఒక్క వాక్యం వెనుక ఇష్టంలేని ప్రయాణం, తోబుట్టువు మరణం, పరాయి కొలువులో మోయవలసి వచ్చిన ఒక నింద ఉన్నాయి. ఆ కథ తెలుసుకొంటే అతని సాక్ష్యం విలువ మరింత బోధపడుతుంది.

హెరాత్‌లో విద్యాభ్యాసం

అతని పూర్తి పేరు కమాలుద్దీన్ అబ్దుర్ రజాక్ సమర్ఖందీ. పూర్వీకులది సమర్ఖందు కావడంచేత ఆ పేరు వచ్చింది కాని, అతడు క్రీ.శ. 1413 నవంబరులో హెరాత్ నగరంలో జన్మించాడు. నేటి ఆఫ్ఘనిస్తాన్ పశ్చిమ భాగంలో ఉన్న ఆ నగరం అప్పట్లో తైమూరు వంశీయుల రాజధాని. 1398లో ఢిల్లీపై దండెత్తిన తైమూరు కుమారుడైన షారుఖ్ అక్కడినుంచి పరిపాలించేవాడు. తండ్రి వలె దండయాత్రలతోనే కాలం గడపక, షారుఖ్ విద్వాంసులను, చిత్రకారులను, చరిత్రకారులను ఆదరించాడు. హెరాత్ ఆనాడు గొప్ప విద్యాకేంద్రం.

అబ్దుర్ రజాక్ తండ్రి జలాలుద్దీన్ ఇస్‌హాక్ షారుఖ్ కొలువులో న్యాయాధికారిగా, ప్రార్థనలు నడిపే ఇమాముగా ఉండేవాడు. కుమారునికి శాస్త్రవిద్యలు నేర్పించాడు. 1437లో తండ్రి మరణించిన తరువాత, యువకుడైన అబ్దుర్ రజాక్ ఒక అరబ్బీ వ్యాకరణ గ్రంథానికి వ్యాఖ్యానం వ్రాసి షారుఖ్‌కు సమర్పించాడు. దానితో అతనికి కొలువులో స్థానం లభించింది. అంటే అతడు పుట్టుకతో యోధుడూ కాడు, వర్తకుడూ కాడు, నావికుడు అంతకన్నా కాడు. గ్రంథాల మధ్య పెరిగిన పండితుడు. అటువంటి వానిని నాలుగైదేళ్ళకే సముద్రాలు దాటి వెళ్ళమని ప్రభువు ఆజ్ఞాపించాడు.

ఇష్టంలేని ప్రయాణం

మలబారు తీరంలోని కళ్ళికోట పాలకుడైన సామూద్రి, షారుఖ్‌తో మైత్రిని కోరి కానుకలతో రాయబారిని పంపాడు. బదులు రాయబారిగా షారుఖ్ అబ్దుర్ రజాక్‌ను ఎంపిక చేశాడు. 1442 జనవరిలో అతడు హెరాత్ విడిచాడు. అప్పటికి అతని వయస్సు ఇరవై ఎనిమిది ఏళ్ళు. ఎడారి మార్గాన నడిచి పారశీక సింధుశాఖ ముఖద్వారంలోని హుర్ముజ్ రేవు చేరుకొన్నాడు. అది అన్ని దేశాల వర్తకులు కలుసుకొనే గొప్ప బజారు. అరబ్బులు, తురుష్కులు, చైనా, జావా, బెంగాలు, గుజరాతు దేశాల వారు అక్కడ కనిపించేవారు.

అక్కడే కష్టాలు మొదలయ్యాయి. ఓడలు బయలుదేరవలసిన ఋతువు దాటిపోయేవరకు అతనిని హుర్ముజ్‌లో ఆపివేశారు. ఆలస్యంగా ఓడ ఎక్కిన అతనికి ఆ ఓడ వాసనకే స్పృహ తప్పింది. మూడు రోజులు ఊపిరి మాత్రమే ఆడుతూ పడి ఉన్నానని తరువాత స్వయంగా వ్రాసుకొన్నాడు. ఎదురుగాలి భయంతో వర్తకులు ఓడలను ఒమన్ తీరాన ఆపివేయడంతో మస్కట్ ప్రాంతంలో చిక్కుకొన్నాడు. అది మండు వేసవి. అతనికి, వెంట వచ్చిన అన్నగారికి, పరివారానికి జ్వరం సోకింది. ఆ జబ్బుతోనే అన్నగారు పరాయి నేలపై కన్నుమూశాడు. అన్నను అక్కడే మట్టిచేసి, తాను బతుకుతానన్న ఆశ కూడా లేని స్థితిలో అబ్దుర్ రజాక్ మళ్ళీ ఓడ ఎక్కాడు. సముద్రపు గాలి తగిలాక ఆరోగ్యం కొంత కుదుటపడింది. పద్దెనిమిది రోజుల ప్రయాణం తరువాత 1442 నవంబరు ప్రాంతంలో ఓడ కళ్ళికోట రేవులో లంగరు వేసింది.

కళ్ళికోటలో నిరీక్షణ

కళ్ళికోటలో అతడు సుమారు ఐదు నెలలు ఉన్నాడు. ఆ నగరం అతనికి నచ్చలేదు. అక్కడి ఉక్కపోత, నడుముకు మాత్రమే వస్త్రం చుట్టుకొనే అక్కడివారి తీరు, సామూద్రి తనను అంతగా లక్ష్యపెట్టకపోవడం, అన్నీ అతనికి బాధ కలిగించాయి. తన మతానికి భిన్నమైన ఆచారాలను చిన్నచూపు చూసే స్వభావం కూడా అతనిలో ఉన్నది. అతని వ్రాతలలో ఆ పరుషత్వం కనిపిస్తుంది. దానిని దాచనక్కరలేదు.

అయితే నచ్చని చోట కూడా ఉన్న మంచిని అతడు వ్రాయకుండా వదలలేదు. కళ్ళికోట రేవులో న్యాయం, భద్రత ఎంత గట్టిగా ఉన్నాయంటే, వర్తకులు తమ సరుకును ఓడ దింపి, వీధిలో వదలి, లెక్క చూసుకోవలసిన పని కూడా లేకుండా ఉండేవారట. సుంకం అధికారులే దానికి కాపలా పెట్టేవారు. సరుకు అమ్ముడుపోతే నలభయ్యవ వంతు సుంకం తీసుకొనేవారు. అమ్ముడుపోకపోతే ఏమీ అడిగేవారు కారు. మనసు బాగాలేని మనిషి, తనను ఆదరించని ఊరి గురించి ఇంత నిష్పక్షపాతంగా వ్రాయడం చిన్న విషయం కాదు.

ఆ సమయంలోనే విజయనగరం నుంచి ఒక దూత వచ్చాడు. షారుఖ్ రాయబారిని వెంటనే తన వద్దకు పంపవలసిందని దేవరాయలు సామూద్రికి వర్తమానం పంపాడు. సామూద్రి విజయనగరానికి సామంతుడు కాకపోయినా ఆ మాటను కాదనలేకపోయాడు. 1443 వేసవిలో అబ్దుర్ రజాక్ ఓడలో మంగళూరు చేరి, అక్కడినుంచి భూమార్గాన బయలుదేరాడు. మంగళూరుకు సమీపంలో పోత ఇత్తడితో నిర్మించిన ఒక దేవాలయాన్ని, అందులో మాణిక్యాల కన్నులు గల విగ్రహాన్ని చూసి ఆశ్చర్యపోయాడు. పడమటి కనుమలెక్కి, బిదనూరు మీదుగా, అక్కడి దేవాలయాల శిల్పసంపదను చూస్తూ, ఏప్రిల్ చివరికి విజయనగరం చేరాడు.

రాయల దర్శనం

అప్పుడు విజయనగరాన్ని ఏలుతున్నవాడు రెండవ దేవరాయలు. మన సాహిత్యంలో ఆయనను ప్రౌఢదేవరాయలని పిలుస్తారు. గౌడ డిండిమభట్టును శ్రీనాథుడు వాదంలో ఓడించి కనకాభిషేకం పొందినది ఈ రాయల సభలోనే అని తెలుగు సాహిత్య సంప్రదాయం చెబుతుంది. చామరసు మొదలైన కన్నడ కవులకూ ఆ కాలం ఆశ్రయమిచ్చింది. కృష్ణదేవరాయలు సింహాసనమెక్కడానికి ఇంకా అరవై ఆరేళ్ళు ఉన్నాయి. కాబట్టి అబ్దుర్ రజాక్ చూసినది సంగమ వంశపు విజయనగరం.

రాయలు అతనికి ఎత్తైన భవనంలో విడిది ఏర్పాటు చేయించాడు. కొద్దిరోజుల విశ్రాంతి తరువాత దర్శనానికి పిలుపు వచ్చింది. అబ్దుర్ రజాక్ ఐదు మేలుజాతి గుర్రాలను, రెండు పళ్ళాలలో తొమ్మిదేసి పట్టువస్త్రాలను కానుకగా తీసుకొని వెళ్ళాడు. నలభై స్తంభాల మండపంలో రాయలు కొలువుతీరి ఉన్నాడు. చామనఛాయ, పొడవైన సన్నని దేహం, పడుచు వయస్సు, మెడలో ఆణిముత్యాల హారం. షారుఖ్ లేఖను అందుకొని, అంత గొప్ప ప్రభువు తనకు రాయబారిని పంపినందుకు సంతోషం వెలిబుచ్చాడు.

ఇక్కడ ఒక చిన్న సంఘటన జరిగింది. కొలువు మర్యాద కోసం అబ్దుర్ రజాక్ ఒకదానిమీద ఒకటిగా చాలా దుస్తులు ధరించి వెళ్ళాడు. ఆ ఎండకు, ఆ బరువుకు చెమటలు ధారగా కారసాగాయి. అది గమనించిన రాయలు తన చేతిలోని విసనకర్రను అతనికి ఇచ్చివేశాడు. హుర్ముజ్ విడిచిన తరువాత ఇంతటి ఆదరణ అతడు ఎరుగడు. తరువాత తాంబూలం, ఐదు వందల పణాలు గల సంచి, కర్పూరం ఇచ్చి పంపారు.

నాటినుంచి అతని విడిదికి ప్రతిదినం రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్ళు, బియ్యం, వెన్న, చక్కెర, రెండు వరహాలు వచ్చేవి. వారానికి రెండుసార్లు సాయంకాలం వేళ రాయలు పిలిపించి షారుఖ్ గురించి, అతని దేశం గురించి అడిగేవాడు. పిలిచిన ప్రతిసారీ తాంబూలం తప్పనిసరి. మన ఇళ్ళలో అతిథికి ఆకువక్క ఇచ్చే ఆచారాన్ని అతడు ఎంతో ఆసక్తితో గమనించాడు. తమలపాకు రూపం, దానిలో వక్క, సున్నం చేర్చే పద్ధతి, అది నోటికి, ఒంటికి చేసే మేలు, అన్నీ తన దేశీయుల కోసం వివరంగా వ్రాశాడు.

ఏడు ప్రాకారాల నగరం

సుమారు ఏడు నెలలపాటు అబ్దుర్ రజాక్ ఆ నగరంలో నివసించాడు. అటువంటి నగరాన్ని కన్ను చూసి ఉండలేదని, చెవి విని ఉండలేదని అతడు భావించాడు. హెరాత్, సమర్ఖందుల వైభవం తెలిసినవాడు ఆ మాట అన్నాడని మనం గుర్తుంచుకోవాలి.

నగరానికి ఒకదానిలోపల ఒకటిగా ఏడు ప్రాకారాలు ఉన్నాయని అతడు వ్రాశాడు. వెలుపలి కోట ఉత్తర ద్వారం నుంచి దక్షిణ ద్వారం వరకు రెండు ఫర్సఖ్‌ల దూరమట. మన లెక్కలో అది సుమారు మూడున్నర క్రోసులు. వెలుపలి గోడ చుట్టూ నిలువెత్తు బండరాళ్ళను సగం భూమిలో పాతి, ఒకదాని పక్కన ఒకటిగా నిలిపారు. గుర్రపుదళమైనా కాలిబలమైనా ఒక్క ఉదుటున కోటమీదికి రాకుండా చేసిన ఏర్పాటది. మొదటి ప్రాకారానికీ మూడవదానికీ నడుమ పొలాలు, తోటలు, ఇళ్ళు ఉండేవి. మూడవదానినుంచి ఏడవదానివరకు జనసందోహం, అంగళ్ళు నిండి ఉండేవి. అంటే అది ఇటుక, సున్నాలతో మాత్రమే కట్టిన నగరం కాదు. పంటపొలాలను తన కడుపులో దాచుకొన్న నగరం. ముట్టడి వచ్చినా కొంతకాలం తిండికి లోటురాకుండా ఉండడానికి అది తోడ్పడి ఉంటుంది.

రాజభవనం దగ్గర నాలుగు బజార్లు ఎదురెదురుగా ఉండేవి. ఒక్కొక్క వృత్తివారి అంగళ్ళు ఒక్కొక్క చోట. రత్నవర్తకులు ముత్యాలు, కెంపులు, పచ్చలు, వజ్రాలను పట్టపగలు వీధిలో బాహాటంగా అమ్మేవారు. గులాబీలు అమ్మేచోట ఎప్పుడూ రద్దీయే. అన్నం లేకపోయినా ఉండగలరేమో కాని గులాబీలు లేకుండా ఈ నగరవాసులు ఉండలేరన్నట్లు అతనికి తోచింది. చెక్కి నునుపుచేసిన రాతి కాలువలలో నీళ్ళు పారుతూ ఉండేవి.

రాయల ఏనుగులను గురించి అతడు ప్రత్యేక శ్రద్ధతో వ్రాశాడు. వేయికి పైగా ఏనుగులుండేవని, ఒక్కొక్కదానికి వేరుగా చోటు ఉండేదని, రోజుకు రెండుసార్లు వాటికి వండిన కిచిడీ పెట్టేవారని చెప్పాడు. వండిన అన్నాన్ని ఉప్పు, వెన్న, చక్కెరతో కలిపి, ముద్దలుగా చేసి నోట పెట్టేవారు. వంటలో ఏ వస్తువు తగ్గినా కావలివారికి శిక్ష తప్పేది కాదు.

కడితం మీద బలపం

సరిహద్దు గ్రామాల పాఠకులకు అన్నిటికన్నా ఆత్మీయంగా తోచే వర్ణన రాయల కచేరీది. అక్కడ లేఖకులు రెండు విధాలుగా వ్రాసేవారట. ఒకటి తాటాకు మీద ఇనుప గంటంతో. రెండవది నల్లగా చేసిన పలక వంటి దానిమీద మెత్తటి తెల్లరాతి పుల్లతో. నల్లని నేలమీద తెల్లని అక్షరాలు నిలిచేవి. ఈ రెండవ పద్ధతి చాలాకాలం మన్నేదని అతడు పేర్కొన్నాడు. ఇది మరేమిటో కాదు, మన పెద్దలు చెప్పే కడితం, బలపం. గుడ్డకు బొగ్గుపొడి, బంక పట్టించి మడతలుగా చేసి, కరణాలు, వర్తకులు లెక్కలు వ్రాసుకొన్న ఆ కడితాలు తెలుగు, కన్నడ సీమలు రెండింటిలోనూ ఉండేవి. హెరాత్ పండితుడు ఆరువందల ఏళ్ళనాడు ఆశ్చర్యంతో చూసినది మన ఊళ్ళ లెక్కల పుస్తకాన్నే.

నాణేల విషయంలోనూ అంతే శ్రద్ధ. బంగారు వరహా, దానిలో సగమైన ప్రతాపం, ప్రతాపంలో పదవ వంతైన పణం, వెండి తారం, రాగి జితల్. వీటన్నిటి పరస్పర విలువలను వరుసగా నమోదు చేశాడు. సైనికులకు నాలుగు నెలలకొకసారి జీతం ముట్టేదని, ఎవరికీ జీతానికి బదులు గ్రామాల ఆదాయం మీద చీటీ వ్రాసి ఇచ్చేవారు కారని తెలిపాడు. చీటీలు పట్టుకొని ఊళ్ళమీద పడే సైనికుల బాధ ఎటువంటిదో తెలిసిన దేశంనుంచి వచ్చినవాడు కనుకనే ఈ విషయం అతని దృష్టిలో పడి ఉంటుంది.

అయితే అతని లెక్కలన్నిటినీ యథాతథంగా నమ్మనక్కరలేదు. రాజ్యంలో మూడు వందల రేవులని, పదకొండు లక్షల సైన్యమని వ్రాసినవి విన్నమాటలు. కొలువులో చెప్పుకొనే గొప్పలు అందులో కలిసి ఉంటాయి. కళ్ళారా చూసిన కాలువకు, చెవిన విన్న సైన్యానికి తేడా చూసి చదువుకోవాలి.

మహానవమి

అతడు నగరంలో ఉండగానే మహానవమి ఉత్సవం జరిగింది. దేశం నలుమూలలనుంచి నాయకులు, పాలెగాళ్ళు తమ ఏనుగులను అలంకరించుకొని వచ్చారు. విశాలమైన మైదానంలో మూడు నుంచి ఐదు అంతస్తుల మండపాలు నిలిచాయి. వాటిపై మనుషుల, జంతువుల, పక్షుల బొమ్మలు. కొన్ని మండపాలు తిరుగుతూ క్షణానికొక రూపం చూపేవట. రాయలకు తొమ్మిది అంతస్తుల సౌధం. మూడు దినాలు ఆటపాటలు, గారడీలు, బాణసంచా సాగాయి. దూలం మీద నిలబడి సంగీతానికి అనుగుణంగా తొండం ఊపే ఏనుగును చూసి అతడు అబ్బురపడ్డాడు. రత్నాలు పొదిగిన బంగారు సింహాసనం పనితనాన్ని మెచ్చుకొన్నాడు. ఆ ఉత్సవాన్ని చరిత్రకారులు నేడు మనం చూసే మహానవమి దిబ్బతో ముడిపెడతారు.

ఈ వైభవం వెనుక ఒక రక్తపాతం కూడా ఉన్నది. అబ్దుర్ రజాక్ కళ్ళికోటలో ఉన్న రోజులలో రాయల సోదరుడే ఆయనను చంపబోయాడు. కొత్త ఇంటి విందు పేరిట పెద్దలను పిలిచి, భేరీల మోతలో అరుపులు వినపడకుండా ఒక్కొక్కరినే హతమార్చి, తరువాత రాయలను కత్తితో పొడిచాడు. రాయలు తీవ్రగాయాలతో బయటపడగా, సోదరుడు ప్రాణాలు కోల్పోయాడు. ఉత్సవాలనే కాక ఈ విషాదాన్ని కూడా అతడు దాచక వ్రాసిపెట్టాడు.

నింద

రాయలు గాయపడ్డాడని విన్న బహమనీ సుల్తాను రెండవ అలావుద్దీన్ అహ్మద్ షా ఇదే అదనని ఏడు లక్షల వరహాలు కోరాడు. రాయలు ఆగ్రహించి యుద్ధానికి సిద్ధమయ్యాడు. ప్రధాని అయిన దండనాయకుడు సేనతో గుల్బర్గా సీమపైకి వెళ్ళాడు. ఇతడే లక్కన్న దండనాయకుడని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఆయన స్థానంలో తాత్కాలికంగా మరొక అధికారి కూర్చున్నాడు.

అదే సమయంలో హుర్ముజ్ నుంచి వచ్చిన వర్తకులు నగరంలో ఒక మాట పుట్టించారు. అబ్దుర్ రజాక్ నిజమైన రాయబారి కాడని, షారుఖ్ పంపినవాడు కాడని, దొంగలేఖతో వచ్చాడని. రాయలకు, షారుఖ్‌కు నేరుగా మైత్రి కుదిరితే తమ వ్యాపారానికి నష్టమని వారు భావించి ఉండవచ్చు. కొత్త అధికారి ఆ మాట నమ్మాడు. విడిదికి వచ్చే దినభత్యం ఆగిపోయింది.

ఆ స్థితిని ఊహించుకోండి. వేల మైళ్ళ దూరాన, భాష తెలియని చోట, అన్నను పోగొట్టుకొని వచ్చిన మనిషి. తన మాట నిజమని రుజువు చేయడానికి హెరాత్‌కు కబురు పంపి బదులు తెప్పించాలంటే రెండేళ్ళు పడుతుంది. రాయబారికి మాటే ఆస్తి. ఆ మాటకే విలువ లేకుండా పోయింది.

కొద్దికాలానికి దండనాయకుడు యుద్ధం ముగించి తిరిగివచ్చాడు. జరిగినది తెలుసుకొని ఆ అధికారిని మందలించి, రాయబారికి రావలసినది ఇప్పించాడు. అయినా నింద పూర్తిగా తొలగలేదు. సెలవు తీసుకొనే రోజున రాయలు స్వయంగా ఆ సంగతి ప్రస్తావించాడు. అతడు షారుఖ్ పంపినవాడు కాడని కొందరు చెప్పడంచేతనే తగినంత సత్కారం చేయలేకపోయానని, మళ్ళీ వస్తే అతని హోదాకు తగినట్లు ఆదరిస్తానని చెప్పాడు. అంటే అనుమానం అప్పటికీ మిగిలే ఉన్నది.

తిరుగు ప్రయాణం, ఆపై జీవితం

1443 డిసెంబరు మొదటి వారంలో అబ్దుర్ రజాక్ విజయనగరం విడిచాడు. షారుఖ్ కొలువుకు రాయలు తన దూతలను, కానుకలను అతని వెంట పంపాడు. పడమటి తీరంలోని హొన్నావర రేవునుంచి 1444 జనవరి చివర ఓడ బయలుదేరింది. నడిసముద్రంలో తుపాను చుట్టుముట్టింది. ఓడలోని వారంతా ప్రాణాలపై ఆశ వదులుకొన్నారు. ఎట్టకేలకు గాలి శాంతించి, ఏప్రిల్ నాటికి ఓడ హుర్ముజ్ చేరింది. అక్కడినుంచి హెరాత్ చేరి షారుఖ్‌ను దర్శించి, రాయల దూతలను ప్రవేశపెట్టాడు. వారే అతని నిజాయితీకి రుజువు.

1446లో అతనిని గీలాన్ ప్రాంతానికి రాయబారిగా పంపారు. తరువాత ఈజిప్టుకు వెళ్ళవలసి ఉండగా 1447లో షారుఖ్ మరణించడంతో ఆ ప్రయాణం ఆగిపోయింది. ఇటు దేవరాయలు అంతకు ఒక ఏడాది ముందే, 1446లో కన్నుమూశాడు. హెరాత్ సింహాసనం కోసం తైమూరు వంశీయులు కలహించుకొన్నారు. ప్రభువులు మారుతూ వచ్చారు. అబ్దుర్ రజాక్ వారిలో పలువురిని కొలిచి, చివరకు 1463లో హెరాత్‌లో షారుఖ్ కట్టించిన ఆశ్రమానికి పెద్దగా నియమితుడయ్యాడు. అక్కడ కూర్చొని తన బృహద్గ్రంథం మత్లా ఉస్ సాదైన్‌ను పూర్తిచేశాడు. 1304 నుంచి 1470 వరకు జరిగిన చరిత్రను అందులో రెండు సంపుటాలుగా వ్రాశాడు. రాజుల యుద్ధాల నడుమ, తన యవ్వనంలోని విజయనగర యాత్రను విపులంగా పొందుపరిచాడు. 1482లో హెరాత్‌లోనే మరణించాడు.

మిగిలిన సాక్ష్యం

1565లో జరిగిన యుద్ధం తరువాత విజయనగరం కొల్లగొట్టబడింది. బజార్లు, సౌధాలు నేలమట్టమయ్యాయి. అప్పటికి అబ్దుర్ రజాక్ మరణించి ఎనభై ఏళ్ళు దాటింది. అతని పుస్తకం మాత్రం పారశీక లిపిలో ఒక ప్రతినుంచి మరొక ప్రతిగా బతికింది. 1843లో కాత్రమేర్ అనే పండితుడు దాని భాగాన్ని ఫ్రెంచిలోకి తెచ్చాడు. 1857లో ఈ యాత్రాభాగం ఆంగ్లంలో వెలువడింది. 1900లో రాబర్ట్ సీవెల్ విజయనగర చరిత్రను వ్రాసినప్పుడు అబ్దుర్ రజాక్ వ్రాతలు ఆయనకు ముఖ్యమైన ఆధారాలలో ఒకటయ్యాయి.

అతడు చెప్పినవాటిలో కొన్ని నేటికీ మన కళ్ళముందే ఉన్నాయి. హంపీలో రాజప్రాసాద ప్రాంగణంలో రాతి కాలువలు కనిపిస్తాయి. ఆ పరిసరాలలో కోటగోడల వెలుపల సగం పాతిన నిలువురాళ్ళు అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. అబ్దుర్ రజాక్ రావడానికి నాలుగేళ్ళ ముందు, 1439లో, అహ్మద్ ఖాన్ అనే అధికారి దేవరాయల పుణ్యార్థం కట్టించిన ధర్మశాల ఇంకా నిలిచి ఉంది. దానిని మసీదుగా గుర్తిస్తారు. పరమతస్థులకు ఆ కొలువులో చోటు ఉండేదనడానికి అది గుర్తు.

కొలువులో అబద్ధాలకోరని అనుమానించబడినవాడు అబ్దుర్ రజాక్. తనను నమ్మని నగరం మీద కోపంతో అతడు ఆ నగరాన్ని తక్కువచేసి వ్రాసి ఉండవచ్చు. చదివే హెరాత్ వారిలో ఎవరూ వెళ్ళి సరిచూసేవారు కారు. అతడు ఆ పని చేయలేదు. తనకు జరిగిన అవమానాన్ని దాచకుండా వ్రాశాడు, తాను చూసిన గొప్పతనాన్నీ తగ్గించకుండా వ్రాశాడు. మన పూర్వులు తిరిగిన వీధుల గురించి, తిన్న తాంబూలం గురించి, వ్రాసిన కడితం గురించి ఇంతకాలం తరువాత మనం చెప్పుకోగలుగుతున్నామంటే అందుకు ఆ నిజాయితీయే కారణం.

ఈసారి పిల్లలను హంపీ తీసుకొని వెళ్ళినప్పుడు రాతిరథంతో పాటు ఆ రాతి కాలువను కూడా చూపించండి. దానిలో నీళ్ళు పారుతుండగా చూసి వ్రాసిపెట్టిన హెరాత్ రాయబారి కథ కూడా చెప్పండి.